మంద నడిచే దారికి హక్కు కావాలి, ఆ హక్కులో ఆడవాళ్ల పేరూ ఉండాలి

సంపాదకుల గారికి,

నమస్కారం.

పశువుల కాపరుల గురించి పత్రికల్లో వార్త వస్తే మామూలుగా రెండు రకాలుగానే వస్తుంది. మంద పొలంలో పడింది, గొడవైంది, కేసు పెట్టారు అని ఒకటి. ప్రభుత్వం వాళ్లకు ఇళ్లు కట్టించి ఒకచోట స్థిరపరచబోతోంది, ఇక కష్టాలు తీరినట్టే అని రెండోది. మొదటిదాంట్లో వాళ్లు తప్పు చేసినవాళ్లు, రెండోదాంట్లో జాలి పడాల్సినవాళ్లు. హక్కులున్న మనుషులుగా మాత్రం ఎక్కడా కనపడరు, వాళ్ల ఆడవాళ్లయితే ఫొటోలో తప్ప వార్తలోకే రారు. 2026ను అంతర్జాతీయ పచ్చికభూముల, పశుపోషకుల సంవత్సరంగా జరపాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2022 మార్చిలో తీర్మానించింది. మంగోలియా పట్టుబట్టి తెచ్చిన తీర్మానం అది. సభలూ, బ్యానర్లూ ఎలాగూ ఉంటాయి. ఆ సందడిలో అసలు విషయం పక్కకు పోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు విషయం ఏమిటంటే, పశుపోషకులకు కావాల్సింది భూమి ఒక్కటే కాదు, ఆ భూమికి వెళ్లే దారి కూడా. కాలం మారగానే కదిలి వెళ్లే స్వేచ్ఛ, తిరిగి వచ్చేసరికి పాత చోటు పాతలాగే ఉంటుందన్న భరోసా, మధ్యలో నీళ్లు తాగే రేవు, రాత్రికి మంద ఆగే బయలు, ఇవన్నీ కలిస్తేనే వాళ్లకు అది భూమి. మన చట్టాలకేమో భూమి అంటే హద్దురాళ్లు పాతిన ఒక ముక్క, ఆ ముక్కకు ఒక యజమాని, ఆ యజమానికి ఒక పాస్‌బుక్. ఈ లెక్కలో ఏడాదికి నాలుగు నెలలు ఒకచోట, మూడు నెలలు ఇంకోచోట, మిగతా కాలం దారిలో ఉండేవాళ్లు ఎక్కడా ఇమడరు. రైలు మార్గం మధ్యలో ఒక్క మైలు పట్టాలు పీకేసి, మిగతాదంతా మీదేగా అంటే ఎలా ఉంటుందో, పై మేత భూమి కింది మేత భూమి వదిలి మధ్య దారి మూసేస్తే వాళ్లకు అలాగే ఉంటుంది.

వాళ్లు ఎందుకు తిరుగుతారో ముందు అర్థం చేసుకోవాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది అది వెనకబాటుతనం అనుకుంటారు. మేత భూముల్లో ఎక్కువ భాగం వాన నమ్మకంగా పడని నేలలు, లేదంటే ఆరు నెలలు మంచు కప్పుకునే కొండలు. ఈ ఏడాది ఇక్కడ నాలుగు వానలు పడి పాతిక కిలోమీటర్ల అవతల ఒక్కటీ పడకపోవచ్చు, వచ్చే ఏడాది సరిగ్గా తిరగబడవచ్చు. గడ్డిలో కూడా బలం ఎప్పుడూ ఒకేలా ఉండదు, లేత గడ్డిలో ఉన్న సారం ముదిరాక ఉండదు, అందుకే కాపరి గడ్డి ఎక్కడ ఎంత ఉందని మాత్రమే కాకుండా ఏది ఎప్పుడు తినదగ్గదిగా ఉందో చూసుకుని మందను అటు తోలుకెళతాడు. మంద వెళ్లిపోయాక ఆ నేల కోలుకుంటుంది, పెంట ఎరువవుతుంది, గింజలు పశువుల వెంట్రుకల్లోనూ కడుపులోనూ ప్రయాణం చేసి ఇంకెక్కడో మొలుస్తాయి. మంగోలియా స్టెప్పీ గడ్డిమైదానం అయినా, ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ అయినా, దక్కన్ పీఠభూమి అయినా వేసే లెక్క ఇదే. భూగోళం మీద నేల భాగంలో సగానికి పైగా ఇలాంటి మేత భూములేనని 2021లో వచ్చిన ప్రపంచ పచ్చికభూముల అట్లాస్ చెప్పింది, 54 శాతం. అంత నేలను వాడుకోవడం తెలిసినవాళ్ల జ్ఞానాన్ని వెనకబాటు అనడం అన్యాయం.

కదలకుండా చేస్తే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. సాహెల్‌లో మంచి ఉద్దేశంతోనే లోతైన బోర్లు వేశారు, నీళ్లుంటే కాపరులు అక్కడే నిలుస్తారని. నిలిచారు. మందలన్నీ ఆ బోర్ల చుట్టూ చేరాయి, చుట్టుపక్కల గడ్డి పరక లేకుండా పోయింది, 1968 నుంచి వచ్చిన పెద్ద కరువులో చాలా చోట్ల పశువులు నీళ్లు అందుబాటులో ఉండి కూడా మేత లేక చచ్చిపోయాయి. ఇంకో ఉదాహరణ ఇంతకన్నా స్పష్టం. మంగోలియా, దానికి ఆనుకున్న చైనా, రష్యా ప్రాంతాలు ప్రకృతి పరంగా ఒకేలాంటివి. డేవిడ్ స్నీత్ అనే మానవశాస్త్రవేత్త 1998లో ఉపగ్రహ చిత్రాలు పెట్టి వీటిని పోల్చి చూశాడు. కాపరులు పాత పద్ధతిలో కలిసికట్టుగా తిరుగుతున్న మంగోలియాలో దాదాపు పదో వంతు మేత భూమి పాడైంది. కుటుంబాలకు విడివిడిగా పంచిన చైనా వైపు మూడో వంతు దాటి పాడైంది. సమష్టి క్షేత్రాలు పెట్టి జనాన్ని ఒకచోట కూర్చోబెట్టిన రష్యా వైపు ముప్పాతిక భాగం దాకా పోయింది. నేలను పాడుచేసేది మంద తిరగడమా, తిరగనివ్వకపోవడమా అన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అందరిదీ అన్న భూమి ఎవరికీ పట్టదు, ఎవరి స్వార్థం వాళ్లు చూసుకుని చివరికి అది నాశనమవుతుంది అన్న వాదన గారెట్ హార్డిన్ 1968లో చేశాడు, అతను తీసుకున్న ఉదాహరణ కూడా పచ్చిక బయలే. ఆ ఒక్క వాదన చూపించి ఎన్ని దేశాల్లో ఉమ్మడి భూములు ముక్కలు చేశారో చెప్పలేం. ఉమ్మడి వనరులను జనం తమ సొంత నియమాలతో తరాల తరబడి కాపాడుకోగలరని ఎలినార్ ఆస్ట్రమ్ చూపించింది, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె. హార్డిన్ కూడా తర్వాత కాలంలో, తాను చెప్పింది నిర్వహణ లేని ఉమ్మడి భూముల గురించేనని సవరించుకున్నాడు. ఆ సవరణ మాత్రం ఏ అధికారికీ చేరినట్టు లేదు. దక్షిణ ఇథియోపియాలో బొరానా ప్రజల లోతు బావులు చూడండి. ఒకరి మీద ఒకరు నిలబడి చేతుల మీదుగా నీళ్లు పైకందించే బావులు అవి. ఏ మంద ఏ రోజు తాగాలో వరస చూడ్డానికి ఒక పెద్దమనిషి ఉంటాడు, కరువులో అతని మాట దాటరు. దాన్ని ఎవరూ పట్టించుకోని భూమి అంటామా?

ఇక దారి హక్కు సంగతి. ఇది జరగని పని అని చాలామంది అంటారు, జరిగిన చోట్లు ఉన్నాయి. స్పెయిన్‌లో గొర్రెల మందలు నడిచే దారులకు 1273లో రాజు పదో అల్ఫోన్సో కాలం నుంచి రక్షణ ఉంది. 1995లో చేసిన చట్టం ఆ దారులను అమ్మడానికీ, ఆక్రమించి సొంతం చేసుకోవడానికీ వీల్లేని ప్రజా ఆస్తిగా నిలబెట్టింది. అలాంటి దారులు దేశమంతా కలిపి సుమారు 1,25,000 కిలోమీటర్లు, వాటిలో పెద్దవి 75 మీటర్ల వెడల్పు. చాలా చోట్ల రోడ్ల కిందా ఇళ్ల కిందా పోయాయి నిజమే, కానీ ఆ దారి ఎవరిదీ అన్న ప్రశ్న వస్తే చట్టం కాపరి వైపు నిలబడుతుంది. నైజర్ ఇంకా సూటిగా చెప్పింది, 2010 నాటి ఆర్డినెన్సులో కదలిక అన్నది పశుపోషకుల ప్రాథమిక హక్కు అని రాసుకుంది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ 1998లోనే, మందలు సరిహద్దు దాటడానికి ఒక అంతర్జాతీయ ధ్రువపత్రం పెట్టింది. అమలులో లోపాలు బోలెడు, చెక్‌పోస్టుల దగ్గర వేధింపులు, పంట వేసిన దారులు, ఆయుధాలతో గొడవలు. అయినా ఒక హక్కు కాగితం మీద ఉంటే దాని కోసం అడగొచ్చు, లేకపోతే బతిమాలుకోవాల్సిందే.

ఇక్కడ రైతుల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పంట నష్టపోయిన రైతు కోపం నిజమైనది, ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ మంద ఆ పొలంలోకి ఎందుకొచ్చింది అని వెనక్కి వెళ్లి చూస్తే, చాలాసార్లు పాత పుంత దున్నేసి ఉంటుంది, లేదా చెరువుకు వెళ్లే డొంక కంచెలో కలిసిపోయి ఉంటుంది. దారి గుర్తించి హద్దులు వేసి, ఏ నెలలో మంద వస్తుందో ముందే మాట్లాడుకుంటే సగం గొడవలు రావు. కోతలయ్యాక చేలో మందను ఆపి ఎరువు వేయించుకునే ఒప్పందాలు ప్రపంచంలో ఎన్నో చోట్ల రైతుకూ కాపరికీ మధ్య తరతరాలుగా నడిచాయి. దారి మూసేసినప్పుడు నష్టపోయేది ఇద్దరూ.

మన దేశానికి వస్తే, చట్టంలో చోటు లేక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో మేపుకునే హక్కు, అది ఒకచోట ఉండి మేపేదైనా వలస వెళుతూ మేపేదైనా, సంచార, పశుపోషక సమూహాలు రుతువుల వారీగా వనరులు వాడుకునే హక్కు అని స్పష్టంగా ఉంది. 2008 నియమాల్లో 12వ నియమం, పశుపోషకుల, సంచార తెగల దరఖాస్తులను వాళ్లు లేదా వాళ్ల ప్రతినిధులు అక్కడ ఉన్న సమయంలోనే పరిశీలించాలంటుంది. చక్కటి నియమం. అమలు దగ్గరికొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. దరఖాస్తు గ్రామసభకు పెట్టాలి, మంద దారి మాత్రం ఎన్నో గ్రామాలూ జిల్లాలూ, ఒక్కోసారి రాష్ట్రాలూ దాటి వెళుతుంది. అన్ని గ్రామసభలూ ఆ దారిని తమదిగా ఎందుకు చూస్తాయి? షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేని పశుపోషకులైతే 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ప్రధానంగా అడవిలో నివసిస్తున్నట్టు రుజువు చూపాలి. తిరగడమే బతుకైనవాళ్లను ఒకచోట ఉన్న రుజువు తెమ్మంటే వాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఉత్తరాఖండ్‌లో వన గుజ్జర్లు చలికాలం కింది అడవుల్లో, వేసవిలో పై పచ్చికల్లో గేదెలతో తిరుగుతారు. హిమాచల్‌లో గుజ్జర్లకు తెగ హోదా ఉంది, ఉత్తరాఖండ్‌లో వీళ్లకు లేదు. గుజరాత్‌లోని కచ్‌లో ఉన్న బన్నీ గడ్డిమైదానంలో మాల్ధారీలనే పశుపోషకులు ఎన్నో ఏళ్లుగా సామూహిక హక్కు కోసం పోరాడుతున్నారు. అక్కడి ఆక్రమణలు తొలగించాలని 2021లో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే కంచెలు వేసుకుని సాగు మొదలుపెట్టేవాళ్ల దెబ్బ ముందుగా తగిలేది మందలకే. వీటన్నిటికీ తోడు రికార్డుల్లో గడ్డిభూమి అంటే బంజరు. బంజరు అని రాసి ఉన్న నేలను ఎవరు ఏ పనికి అడిగినా ఇచ్చేస్తారు, ఆ నేల మీద ఒక ఊరి పశువులన్నీ బతుకుతున్నాయని ఎవరూ చూడరు.

ఇప్పుడు ఆడవాళ్ల విషయం. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, అందుకే కొంచెం ఎక్కువే రాస్తాను.

మంద అనగానే కర్ర భుజాన వేసుకున్న మగమనిషి కళ్ల ముందు మెదులుతాడు. మందతో బతికే ఇంట్లో పాలు పితికేది, దూడల్నీ పిల్లల్నీ జబ్బుపడ్డ జీవాల్నీ చూసుకునేది, నీళ్లు మోసేది, డేరా విప్పి మళ్లీ వేసేది, ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో గుర్తు పెట్టుకునేది ఎక్కువగా ఆడవాళ్లు. మగవాళ్లు కూలికి పట్నం వెళ్లిపోయిన చోట మంద మొత్తం వాళ్ల మీదే. పశ్చిమ ఆఫ్రికాలోని ఫులానీ పశుపోషకుల్లో పాల మీద పెత్తనం ఆడవాళ్లది, అమ్మేది వాళ్లే, ఆ డబ్బు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఇలాంటి కుటుంబాన్ని ఒకచోట స్థిరపరిచి, పాలకేంద్రం పెట్టి, ఖాతా ఇంటి యజమాని పేరున తెరిస్తే ఆమె చేతిలో ఉన్న ఆ కాస్త ఆదాయం కూడా పోతుంది. లెక్కల్లో మాత్రం కుటుంబ ఆదాయం పెరిగినట్టు చూపిస్తారు.

భూమి దగ్గర ఇంకా అన్యాయం. కెన్యాలో 1968 చట్టం కింద మసాయి అనే పశుపోషక తెగ మేత భూములను గ్రూపు రాంచీలుగా, అంటే ఉమ్మడి మేత క్షేత్రాలుగా, నమోదు చేశారు. సభ్యులుగా రాసుకున్నది దాదాపుగా కుటుంబ పెద్దలైన మగవాళ్ల పేర్లే. తర్వాత 1980ల నుంచి కజియాడో జిల్లాలో ఆ ఉమ్మడి భూములను సభ్యులకు ముక్కలుగా పంచారు. ఉమ్మడిగా ఉన్నంత కాలం ఆమెకు పట్టా లేకపోయినా మేపుకునే చోటు ఉంది. పంచాక ఆ చోటు భర్త పేరున ఉన్న కాగితమైంది, ఆయన అమ్ముకుంటే అడిగే హక్కు ఆమెకు లేదు. అంటే ఉమ్మడి పోయినప్పుడు అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆమే. 2010 రాజ్యాంగం తర్వాత 2016లో కెన్యా కొత్త సామూహిక భూమి చట్టం తెచ్చింది. పెళ్లయి వచ్చిన భార్యకు ఆ సమూహంలో సభ్యత్వం దానంతట అదే వస్తుందని అందులో రాశారు, ఇది పెద్ద మార్పే. కానీ భర్త పోయాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ సభ్యత్వం పోతుందని కూడా అందులోనే ఉంది. ఇరవై ఏళ్లు ఆ మందను సాకిన మనిషి హక్కు ఆమె పెళ్లి మీద ఎందుకు ఆధారపడాలి?

ఇది పేద దేశాల సమస్య అనుకోవద్దు. స్వీడన్‌లో 1928 చట్టం ప్రకారం, మంచు ప్రాంతాల దుప్పులైన రెయిండీర్లను మేపే హక్కు లేని మగవాణ్ణి పెళ్లి చేసుకున్న సామీ అనే ఆదివాసీ తెగ స్త్రీ తన హక్కు కోల్పోయేది. అది మారడానికి 1971 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

మన అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 4(4) ప్రకారం హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి, నియమాల ప్రకారం అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. ఇవి మంచి నిబంధనలే. అయితే పశుపోషకులకు కావాల్సిన హక్కు ఎక్కువగా సామూహికమైంది. సమూహం పేరున వచ్చే పత్రం వల్ల ఆ ఇంటి ఆడమనిషికి విడిగా ఏ గుర్తింపూ రాదు. ఏ దారిన వెళ్లాలో, ఏ రేవు ఎవరికో తేల్చే సమావేశంలో ఆమె కూర్చుందా, ఆమె మాట రాసుకున్నారా అన్నది ఎవరూ చూడరు. సమావేశం పెట్టే సమయం కూడా చూడండి, పాలు పితికే వేళ పెడితే ఎవరు వస్తారు? దారుల మ్యాపు గీసేటప్పుడు మగవాళ్లు మంద నడిచే బాట గీస్తారు. కట్టెలు దొరికే చోటు, స్నానానికి చాటున్న రేవు, పురుడు వస్తే ఆగగలిగిన ఊరు, రాత్రిళ్లు భయం లేని బయలు ఎక్కడున్నాయో ఆడవాళ్లు చెప్పగలరు. ఆ మ్యాపులో అవి లేకపోతే అది సగం మ్యాపు. టాంజానియాలో గ్రామ భూ మండలిలో ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్లు ఉండాలని 1999 చట్టంలోనే పెట్టారు. సంఖ్య ఒక్కటే చాలదు, కానీ సంఖ్య కూడా లేని చోట మొదలు పెట్టడానికైనా ఒక ఆధారం కావాలి.

అదే టాంజానియాలో ఇంకో ముఖం కూడా ఉంది. 1959లో సెరెంగెటి జాతీయ పార్కు నుంచి ఖాళీ చేయించిన మసాయిలకు ఎన్‌గోరోన్‌గోరో ప్రాంతంలో ఉండొచ్చని మాటిచ్చారు. ఇప్పుడు అక్కడి నుంచి కూడా వందల కిలోమీటర్ల దూరంలోని మ్సోమెరాకు తరలిస్తున్నారు. పక్కనున్న లోలియోండోలో 2022 జూన్‌లో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతడానికి పోలీసులొచ్చారు, ఘర్షణలో ఒక పోలీసు చనిపోయాడు, చాలామంది గ్రామస్తులు గాయపడ్డారు. వన్యప్రాణుల పేరు, వేట కంపెనీల పేరు, ఇప్పుడు కొత్తగా పచ్చ విద్యుత్ పేరు, ఏదో ఒక పేరుతో మేత భూములు పోతున్నాయి. 2021 అక్టోబర్‌లో ఒకే నెలలో రెండు తీర్పులు వచ్చాయి. నార్వే సుప్రీంకోర్టు ఫోసెన్‌లో కట్టిన గాలిమరల అనుమతులు సామీ కాపరుల సాంస్కృతిక హక్కుకు భంగం కలిగించాయని చెప్పింది. కెన్యాలో మేరు కోర్టు తుర్కానా సరస్సు పవన విద్యుత్ ప్రాజెక్టు భూమి పట్టాలు చట్టం ప్రకారం తీసుకున్నవి కావని చెప్పింది. రెండు చోట్లా అప్పటికే గాలిమరలు తిరుగుతున్నాయి. కరెంటు కావాలి, అడవులూ కావాలి, నేను వద్దనడం లేదు. అడగాల్సినవాళ్లను ముందు అడగాలి అంటున్నాను, అడిగేటప్పుడు ఆడవాళ్లను కూడా.

పిల్లల చదువు సంగతేమిటి, స్థిరపడితేనే కదా బడికి వెళ్లేది అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇరాన్‌లో ఖష్‌ఖాయీ అనే సంచార తెగకు చెందిన మొహమ్మద్ బహ్మన్‌బేగీ 1950లలో డేరాల్లో బడులు మొదలుపెట్టాడు, మందతోపాటే బడీ కదిలేది. ఆ తెగల పిల్లలకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేశారు, వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. డెబ్బై ఏళ్ల కింద డేరాలో సాధ్యమైంది ఫోన్లున్న ఈ కాలంలో ఎందుకు సాధ్యం కాదు? ఇల్లు కట్టుకుని ఒకచోట ఉంటామన్న కుటుంబాలకు ఆ అవకాశం ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. అది వాళ్లు ఎంచుకున్నదై ఉండాలి, దారులన్నీ మూసేశాక మిగిలిన ఒకే ఒక్క మార్గం కాకూడదు.

మన దేశంలో 2024లో మొదలైన 21వ పశుగణనలో తొలిసారి పశుపోషకులనూ వాళ్ల మందలనూ విడిగా లెక్కించే ఏర్పాటు చేశారు. ఆ లెక్కలు వచ్చినప్పుడు మీ పత్రిక వాటిని జీవాల సంఖ్యగా మాత్రమే వేయకుండా, వాళ్లు నడిచే దారుల్లో ఏవి తెరిచి ఉన్నాయి, ఏవి మూతపడ్డాయి, ఆ ఇళ్లలో ఆడవాళ్ల పేరున హక్కు పత్రం ఏదైనా ఉందా అని జిల్లాల వారీగా అడిగి రాయమని కోరుతున్నాను. అలాగే పైన చెప్పిన సెక్షన్ 3(1)(డి)నీ 12వ నియమాన్నీ మామూలు మాటల్లో, దరఖాస్తు ఎవరికి ఎలా పెట్టాలన్న వివరాలతో ఒకరోజు ప్రచురిస్తే, ఏ గ్రామసభ దగ్గరైనా ఆ పేపరు చేతిలో పట్టుకుని అడగడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు